తడవని కాగితం

గుండ్లరేవు, కొల్లాపూర్ కాడ
సెప్టెంబర్ 4

పెద్దనాయినకు అనిత దండాలు.

ఫోన్ చేస్తె నువ్వు "ఆ, ఆ" అని పెట్టేస్తవు. ఏం ఇనపడ్డదో, ఏం ఇనపడలేదో నాకు తెల్వదు. అద్దాలు అరగదీసే మిషన్ మోతకు చెవులు పోయినయని నువ్వే అంటవు. అందుకే రాస్తున్న.

ఈ ఏడు కృష్ణ నిండింది. డ్యాం నీళ్ళల్ల మునిగిన మన పాతూరి మీద ఐదు మనిషి నిలువుల నీళ్ళున్నయి. వల ఏస్తె పాతూరి గోడలకే తట్టుకుంటుంది. తట్టుకున్నప్పుడల్ల మా ఆయన శ్రీను ఇడిపించనీకె దూకుతుండు. నడుముకు తాడు ఒకటే. ఆ తాడు పట్టుకొని పడవల కూసునేది నేను. పోయిన వారం మూడుసార్లు దిగిండు. రెండోసారి పైకొచ్చినంక చానసేపు నన్ను ఎవరో అన్నట్టు చూసిండు. వద్దంటె, "వల ఏడ తట్టుకుందో కనపడితె పైనుంచే కొక్కెంతోని ఇడిపిస్తనే, కనపడదు గద" అంటడు.

ఫోన్‌ను నీళ్ళు పోని డబ్బాల పెట్టి, లైటు ఏసి, తాడుతోని దింపితె కింద ఉన్నదంత వీడియోల వస్తదట. బజార్ల దొరికేటివి ఇంత లోతుకు ఆగవంట, ఆగేటివి మా అసుంటోళ్ళ కోసం గాదు. నువ్వు నలభై ఏండ్ల సంది చేపల తొట్లు చేస్తున్నవు. నీళ్ళకు అద్దం ఆపుడు నీకంటె తెలిసినోళ్ళు నాకు లేరు. డబ్బా చేసియ్యి.

ఇంకొక మాట. అమ్మ పోయి వచ్చే నెలకు ఏడాది. అమ్మ పెట్టె సర్దుతుంటె నీ చిక్కడపల్లి ఇంటి ముంగట మనం దిగిన ఫోటో దొరికింది. అందరం దర్వాజ కింద ఉన్నం, అమ్మ ఒక్కతే రోడ్డు మీద ఉంది. అమ్మ ఎన్నడు నీ గడప దాటలే. అరుగు మీదనే కూసొని చాయ తాగి పోయేది. ఎందుకమ్మా అంటె, "కాళ్ళు మట్టి" అనేది. నీకన్న తెలుసా ఎందుకో?

అనిత


చిక్కడపల్లి
సెప్టెంబర్ 16

బిడ్డ అనితకు,

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివిన. నాది అద్దాలు చుట్టే పాత పేపర్లు చూసి నేర్చుకున్న చదువు. ఒత్తులు తప్పితె నువ్వే సర్దుకో. ఇంకొకరితోని రాయించుడు నాకు చేతగాదు.

డబ్బా చేసిన. రేపు బస్సుల ఏస్త. బోరు పైపు, ఆరు ఇంచులది, మూరెడు పొడుగు. ఒక దిక్కు మూత, రబ్బరు పెట్టి ఆరు బోల్టులు. ఇంకో దిక్కు అద్దం. నారాయణగూడల అద్దాల దుకాణపాయన, "ప్లాస్టిక్ అద్దం ఏసుకో పెద్దమనిషీ, తేలికగుంటది" అన్నడు. "నువ్వు పుట్టకముందు సంది కోస్తున్న, నాకు చెప్తవా" అన్న. ఎనిమిది మిల్లీ అసలు అద్దం తెచ్చి గుండ్రంగ కోసిన. పైపు లోపటికెల్లి దించి, లోపలి మూలకు చుట్టూర సిలికాన్ బంక పెట్టి, వేలుతోని ఒక్క గుంజు గుంజిన. తొట్టికి ఎట్ల పెడ్తనో అట్లనే. అశోక్‌నగర్ల, చిక్కడపల్లిల ఎన్ని ఇండ్లల్ల నా తొట్లున్నయో నాకే లెక్క లేదు. ఒక్కటి కారిందని ఎవడన్న అంటె తీసుకరా.

ముంచి చూసుడు గీసుడు ఏం అవసరం లేదు. ఉప్పలయ్య చేసిండంటె చేసిండు. ఫోన్ పెట్టి దింపు.

మీ అమ్మ సంగతి నన్నెందుకు అడుగుతవు. మట్టి అన్నదంటె మట్టే అయ్యుంటది. ఆ ఫోటో నాకు పంపొద్దు.

శ్రీనును అడిగిన అని చెప్పు. నువ్వు తాడు పట్టుకున్నప్పుడు ఎవరితోని మాట్లాడకు. పక్కకు చూడకు.

తొట్ల ఉప్పలయ్య


గుండ్లరేవు
సెప్టెంబర్ 30

పెద్దనాయినకు,

డబ్బా వచ్చిన నాడు శ్రీను దాన్ని సంకల పెట్టుకొని రేవంత తిప్పిండు. "మా మామ చేసిండు" అని అందరికి చూపిండు. పక్క పడవ మాసయ్య కాక దాన్ని తట్టి చూసి, "దీంట్ల పప్పు వండుకోవచ్చు" అన్నడు.

మొన్న ఆదివారం రాయి కట్టి దింపినం. రెండు నిలువులు పోయినంక తాడు బరువు మారింది. గుంజినం. సగం దాక నీళ్ళు. శ్రీను ఫోన్ అండ్ల మునిగి ఉంది, లైటు ఇంకా ఎలుగుతుంది. చూస్తుండంగనే అది గూడ పోయింది.

ఫోన్ పోతె పోయింది. దవాఖానకు పోయేనాడు అమ్మ మాట్లాడిన మాటలు అండ్ల ఉండె. "బర్రెకు కుడితి పెట్టు, శ్రీనుకు చెప్పు తొందరపడొద్దని" అన్నది. అంతే, ఇంకేం లేదు. దాన్నే ఏడాది సంది ఇనుకుంటున్న.

అద్దం పగల్లే. లోపటికి జారింది. సిలికాన్ ఒక దిక్కు బత్తాయి తొక్క లేసినట్టు లేసింది. కోపానికి రాకు పెద్దనాయిన. ఏడ తప్పిందో చూడు.

అనిత


చిక్కడపల్లి
అక్టోబర్ 7

అనితకు,

బోల్టులు ఎవరు బిగించిన్రు? ఒకటి బిగించి దాని పక్కదే బిగిస్తె మూత వంకరగ కూసుంటది. ఎదురెదురుగ బిగియ్యాలె. ఇది గూడ నేను రాయాల్నా. నీళ్ళు మూత దిక్కుకెల్లి వచ్చినయి. నువ్వేమన్న నీళ్ళల్ల ఉండి చూసినవా, అద్దం దిక్కుకెల్లి వచ్చినయని?

నీళ్ళు నిండినంక బరువుకు అద్దం జారి ఉంటది. ముందుగాల జారలే.

మీ అమ్మ మాటలు పోయినయంటె నాకు గూడ బాధనే. అది నా చేతి తప్పు గాదు. ఈ చేతికి తప్పు ఎన్నడు రాలే. నా పని మీద నమ్మకం లేకుంటె బజార్ల కొనుక్కో, నేనేం అనుకోను.

ఉప్పలయ్య


గుండ్లరేవు
అక్టోబర్ 15

పెద్దనాయినకు,

మొన్న శ్రీను దిగిండు. వల పాతూరిల పటేలింటి గోడకు తట్టుకుంది. నేను తాడు పట్టుకున్న. నువ్వు చెప్పినట్టే మాట్లాడలే, పక్కకు చూడలే. పైకొచ్చి పడవ అంచు పట్టుకున్నడు. కుడి చెవిలకెల్లి నెత్తురు కారుతుంది. "అనితా, పడవ తిరుగుతుంది, ఆపు" అన్నడు. పడవ కదుల్తలేదు.

నాగర్‌కర్నూల్ల డాక్టరు చెవి పొర పగిలిందన్నడు. మూడు నెలలు నీళ్ళల్ల దిగొద్దు, దిగితె ఈసారి చెవితోని పోదు అన్నడు. శ్రీనేమో వారం చాలంటుండు.

బోల్టులు నేనే బిగించిన. ఎదురెదురుగనే.

అనిత


చిక్కడపల్లి
అక్టోబర్ 19

బిడ్డా,

అల్లుణ్ణి దిగనియ్యకు. అలిగితె అలగనియ్యి. పడవ తెడ్డు దాచిపెట్టు.

చెవిల ఎల్లిపాయ నూనె పొయ్యమంటరు ఊరోళ్ళు. పొయ్యకు. తానం చేసేటప్పుడు పత్తికి వాజిలిన్ రాసి పెట్టు. ముక్కు గట్టిగ చీదనియ్యకు. ఆ చెవి దిక్కు తిరిగి పండుకుంటె ఇల్లు తిరుగుతది, ఇంకో దిక్కు పండుమను. ఇరవై దినాలు చెవిల ఈగ చొచ్చినట్టు ఉంటది. భయపడొద్దను. చానమందికి పోతది.

డబ్బా నాకు వాపస్ పంపు. అద్దం ఎట్ల జారిందో అట్లనే ఉండాలె. ఏం సర్దకు.

ఉప్పలయ్య


గుండ్లరేవు
అక్టోబర్ 26

పెద్దనాయినకు,

డబ్బా బస్సుల ఏసిన.

ఈగ సంగతి డాక్టరు మాకు చెప్పలే. నీ ఉత్తరం చదివి ఇనిపిస్తె శ్రీను లేసి కూసున్నడు. "అవునే, ఈగనే. నీకు చెప్తె నవ్వుతవని చెప్పలే" అన్నడు. నీకెట్ల తెలుసు? మిషన్ మోతకు చెవి పోయినోళ్ళకు ఇల్లు తిరుగుతదా?

ఈయన ఒడ్డుకు పోయి కూసుంటుండు. ఎండకాలానికి నీళ్ళు తీసి పాతూరు బయటికే వస్తది, అప్పటిదాక ఆగు అంటె, "అప్పటిదాక ఏం తిందం, నీ పెద్దనాయిన డబ్బానా" అన్నడు. మంచోడే, నీకు తెలుసు. పని లేక అంటుండు. సంక్రాంతి దాక గూడ ఆగడు, నాకు తెలుస్తుంది.

అనిత


చిక్కడపల్లి
నవంబర్ 20

బిడ్డ అనితకు,

డబ్బా వచ్చినంక రెండు దినాలు దుకాణంల ఒక మూలకు పెట్టిన, చూడలే. చూడబుద్ధి కాలే.

అశోక్‌నగర్ల సూర్యప్రకాశరావు సారని రిటైరైన ఇంజనీరు ఉన్నడు. కోస్తా మనిషి. ఆయన తొట్టి కడగనీకె నెలకోసారి పోత. నా కుడి చెవి దిక్కు కూసొని మాట్లాడుతడు, ఆయనకు ఎరుకే. ఆనాడు ఎందుకో డబ్బా గూడ తీసుకపోయిన. "ఏమిటయ్యా ఉప్పలయ్యా ఆ గొట్టం?" అన్నడు. చెప్పిన. చేతిలకు తీసుకొని తిప్పి తిప్పి చూసిండు.

"నీ తొట్టిలో నీళ్ళు అద్దాన్ని ఎటు తోస్తాయి?"

"బయటికి."

"దీంట్లో?"

డబ్బా ఆయన చేతులకెల్లి తీసుకొని అద్దం దిక్కు తిప్పిన.

"నువ్వు మళ్ళీ తొట్టినే చేశావయ్యా. అక్కడ నీళ్ళు లోపలుంటాయి, నీ సిలికాన్‌ని నీళ్ళే మూలకి అదుముతాయి. ఇక్కడ నీళ్ళు బయటున్నాయి. అద్దాన్ని లోపలికి తోస్తాయి. వెనకాల ఆనుకోడానికి ఏం పెట్టావు?"

"ఏం పెట్టలే."

"మరింకేం" అని నవ్విండు. ఆయన నవ్వు చెడ్డది గాదు గానీ నేను చాయ తాగకుండనే లేసొచ్చిన. నేను ఉత్తరం రాసిపెట్టనా మీ అమ్మాయికి అని గూడ అన్నడు. వద్దన్న.

ఇంటికొచ్చి అద్దం మీద బయటికెల్లి బొటనవేలు పెట్టి నొక్కిన. అంటుకొని ఉన్న దిక్కు గూడ లేసింది. నా ఏలికే ఆగలే. ఐదు నిలువుల నీళ్ళకు ఏం ఆగుతది.

తప్పు నాది. బోల్టులది గాదు, నీది గాదు. ఈ ముక్క రాయనీకె నాకు నాలుగు దినాలు పట్టింది.

కొత్తది చేసిన. ఈసారి పైపు లోపట అద్దానికి ఎనకాల కట్టె రింగు బిగించిన, పాత టేకుది. అది నీళ్ళు ఆపనీకె గాదు, అద్దం ఆనుకోనీకె. పన్నెండు మిల్లీ అద్దం బయటికెల్లి తెచ్చి దాని మీద కూసోబెట్టిన. పైపు అంచు గరుకు కాయితంతోని రుద్ది, స్పిరిట్‌తోని తుడిచి, అద్దం కింద, చుట్టూర సిలికాన్ నింపిన. ఇప్పుడు నీళ్ళు ఎంత నొక్కితె అద్దం అంత గట్టిగ కూసుంటది. నీళ్ళే పట్టుకోవాలె దాన్ని. పది దినాలు ముట్టుకోలే. పైన ఆరినట్టు కొడుతది, లోపట ఆరదు. పదకొండో నాడు డబ్బా నిలబెట్టి అద్దం మీద ఎక్కి నిలవడ్డ. ఏం కాలే.

నీళ్ళల్ల గూడ చూద్దమని లోయర్ ట్యాంక్ బండ్ దాటి కట్ట మీదికి పోయిన. చేతుల తాడు, సంకల గొట్టం. సాగర్ నీళ్ళ దిక్కు వంగంగనే ఒక పోలీసాయన ఉరికొచ్చి రెట్ట పట్టుకున్నడు. "తాతా, కొడుకులేమన్న అన్నరా?" అన్నడు. నాకు కొడుకులు లేరు అన్న. "అయ్యో" అని ఇంకింత గట్టిగ పట్టుకున్నడు. చాయ తాపిచ్చి ఆటో ఎక్కిచ్చిండు. అట్ల ఆ పరీక్ష కాలే. నువ్వే చెయ్యాలె.

జర జాగ్రత్తగ చదువు. డబ్బాల ఒక కాగితం మడిచి పెట్టిన. సిరా పెన్నుతోని రాసింది. ఫోన్ పెట్టకు. మూత ఇప్పకు. రాయి కట్టి, పాతూరి మీదికి పోయి, అడుగు దాక దింపు. గంటసేపు ఉంచు. పైకి తీసి, బయట తుడిచి, అప్పుడు ఇప్పు. కాగితం తడిస్తె సిరా పోతది. నీకు చదివే పని లేదు, డబ్బా నా మొకాన కొట్టు. తడవకుంటె చదువు. ముందుగాల ఇప్పి చదివినవనుకో, డబ్బా మంచిదో కాదో తెల్వదు.

నేను మంచిగనే ఉన్న.

ఉప్పలయ్య


డబ్బాల కాగితం

అనితా,

ఇది చదువుతున్నవంటె అద్దం ఆగింది.

మీ నాయిన వలల చిక్కుకొని పోయిండని నీకు చెప్పినం. నేను పట్నంల ఉన్న, కబురు పోతె వచ్చిన అని చెప్పిన. రెండూ అబద్ధాలే. నేను ఆడనే ఉన్న. పడవల. తాడు నా చేతుల ఉండె.

ఈ చిక్కడపల్లి ఇల్లు కట్టుకునే ఏడు. దర్వాజ నిలబెట్టనీకె మాఘమాసంల మూర్తం పెట్టిచ్చిన. పాతూరిల మన ఇంటి దర్వాజ మా నాయిన చేతులతోని చేసింది, టేకుది, రాతిగోడల అట్లనే నీళ్ళ కింద ఉండె. అదే పెట్టాలె అన్న. మీ నాయిన బుగ్గయ్య ఏమన్నడంటె, "అన్నా, రెండు నెలలు ఆగు. ఎండకాలం నీళ్ళే పోతయి. నడుసుకుంట పోయి మోసుకొద్దం" అన్నడు. మూర్తం మల్ల దొరకదు అన్న. మీ అమ్మ ఒడ్డు మీద నిలవడి వద్దన్నది. నీకు నాలుగేండ్లు. ఆమె కొంగు పట్టుకొని ఉన్నవు.

మూడు నిలువుల లోతు. వాడు దిగి దర్వాజకు తాడు కట్టిండు. మాట ఏమనుకున్నమంటె, వాడు పక్కకు జరిగినంక తాడు మూడుసార్లు గుంజాలె, అప్పుడు నేను లాగాలె. రెండుసార్లు గుంజిండు. మూడోది రాలే. నేను ఆగలే. లాగిన. దర్వాజ ఊడొచ్చింది. గోడ దాని మీదనే నిలవడి ఉండె, వాడు ఇంకా దాని కిందనే ఉన్నడు.

నేను దూకిన. ఎన్నిసార్లు దూకిన్నో ఎరుక లేదు. నా ఎడమ చెవి ఆనాడు పోయింది. మిషన్ మోతకు పోయింది రెండోది. ఈగ ఇంకా ఉంది.

ఇంట్ల మనిషి పోతె మైల. ఆ మూర్తం పోనే పోయింది. దర్వాజ ఎండకాలంలనే నిలబెట్టిన. అప్పటికి పాతూరు బయటికి తేలింది. జనం నడుసుకుంట పోతున్రు.

మీ అమ్మ ఎవ్వరికి చెప్పలే. పిల్లకు ఒక్క పెద్దదిక్కన్న ఉండాలె అనుకున్నదేమో. నేను అడగలే. గడప మాత్రం దాటలే. చాయ నేనే అరుగు మీదికి తెచ్చిచ్చేది. తీసుకునేది. ముప్పయ్యేండ్లు.

డబ్బాల అద్దం ఆనిన కట్టె ఆ దర్వాజ గడపదే. రంపం పెట్టి నేనే కోసిన. అన్నేండ్లు నీళ్ళల్ల నానిన టేకు ఇంక ఉబ్బదు, అందుకే కోసిన. వేరే ఏం అనుకోకు. ఇప్పుడు మా ఇంటికి గడప లేదు. నువ్వొస్తె దాటనీకె ఏం లేదు. రాకున్న నేనేం అనను.

శ్రీనును దిగనియ్యకు.

ఉప్పలయ్య


గుండ్లరేవు
డిసెంబర్ 14

పెద్దనాయినకు,

నువ్వు చెప్పినట్టే చేసినం. మూత ఇప్పలే. రాయి కట్టి పాతూరి మీద దింపినం, ఐదు నిలువులు. గంట అన్నవు, రెండు గంటలు ఉంచిన. శ్రీను చెవిల పత్తి పెట్టుకొని ఒడ్డు మీద కూసున్నడు. పడవల నేను, మాసయ్య కాక. పైకి తీసి తుడిచి ఇప్పితె లోపట పొడిగ ఉంది. కాగితం అప్పుడే నీ జేబుల నుంచి తీసినట్టుంది.

పడవలనే చదివిన. మాసయ్య కాక, "ఏం రాసిండే అంత పొడుగు" అన్నడు. కొలతలు అన్న.

అది పదిహేను దినాల కిందటి మాట. నీకు ఏం రాయాల్నో తెల్వక రాయలే. ఇప్పుడు గూడ తెల్వదు. పట్నం వచ్చినప్పుడల్ల ఆ గడపకు మొక్కి లోపటికి వచ్చిన నేను. అమ్మ నన్ను అరుగు మీదికెల్లి చూస్తుండేది. అదే మతికొస్తుంది. నిన్ను తిడుదమని కూసుంటె ఇంకోటి మతికొస్తది. తాడు నేను గూడ పడుతున్న. కింద మనిషి ఉండి, తాడు రెండుసార్లు కదిలితె, నా చెయ్యి మూడోదానికి ఆగుతదో లేదో నాకు తెల్వదు.

శ్రీనుకు చెప్పిన. తెల్లారి పోయి నడుముకు కట్టుకునే తాడు మాసయ్య కాక బర్రెను కట్టనీకె ఇచ్చొచ్చిండు.

డబ్బా పని చేస్తుంది. మాసయ్య కాక ఫోన్ పెడుతున్నం. నిన్న వల పటేలింటి మూల రాయికి తట్టుకున్నది సాఫ్‌గ కనపడ్డది, కొక్కెంతోని పైనుంచే ఇడిపించినం. ఇంకో రెండు పడవలోళ్ళు మాకు గూడ గావాలె అంటున్నరు. చేసియ్యి. కట్టె సాలకుంటె దర్వాజ మొత్తం కొయ్యి.

నేను ఇప్పట్ల రాను. ఎప్పుడొస్తవని అడగకు.

నీ కాగితం చింపలే. రోజు ఫోన్ పెట్టే ముందు డబ్బాల ఒక కాగితం పెట్టి ముంచి చూడాలె గద. అదే పెడుతున్న. పదకొండుసార్లు పాతూరి దాక పోయొచ్చింది. ఇంకా తడవలే.

అనిత